బ్రిటన్ చైల్డ్ మెయింటెనెన్స్ సర్వీస్: పదహారు దాటాక బకాయి తేడా వస్తే

విడిపోయిన తల్లిదండ్రుల్లో పిల్లలు దగ్గర లేనివాళ్లు కట్టాల్సిన పోషణ ఖర్చును లెక్కగట్టే ప్రభుత్వ సర్వీసు ఇది. చిన్నపిల్లల విషయంలో దీని లెక్క సాఫీగానే ఉంటుంది. చిక్కంతా పదహారు దాటాకే. ఏ-లెవెల్స్ (యూనివర్సిటీకి ముందు చదువు) స్థాయి దాకా చదువు వారానికి సగటున 12 గంటలు దాటితే 20 ఏళ్లు నిండేదాకా కట్టాలి. యూనివర్సిటీ లెక్కలోకి రాదు. పిల్లాడు మధ్యలో చదువు మానేసిన సంగతి చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే భత్యం) ఆఫీసుకు చేరకపోతే ఇక్కడ బకాయి పేరుకుపోతూనే ఉంటుంది. ఇదే అసలు లోపం, చాలా అన్యాయం కూడా.

మానేశాక వచ్చే ఫిబ్రవరి, మే, ఆగస్టు లేదా నవంబరు నెలాఖరు దాకా బెనిఫిట్ సాగుతుంది, దానితోపాటు ఈ కట్టుబడీ సాగుతుంది; ఆ వారాలకోసం వాదించొద్దు. మానేసిన తేదీతో కాలేజీ ఉత్తరం కావాలి. డబ్బు కట్టే తండ్రికి నేరుగా ఇవ్వకపోవచ్చు, పిల్లాడిచేతే అడిగించండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి, నిర్ణయం తెలిపిన లేఖ తేదీ నుంచి 30 రోజుల్లో మాండేటరీ రీకన్సిడరేషన్ (ఆ నిర్ణయాన్ని సర్వీసే మళ్లీ పరిశీలించడం) కోరండి. ఫోన్లో కోరినా చెల్లుతుంది, కానీ రాతపూర్వకంగా కూడా పంపడం మంచిది.