ల్యాబ్‌లో సెలైన్: కొన్నేళ్లు వాడాక నా మాట

తిరుపతిలో జంతు కణజాలం మీద పనిచేసే ల్యాబ్ మాది. స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) నార్మల్ సెలైన్, అంటే 0.9 శాతం సోడియం క్లోరైడ్ (ఉప్పు) కలిపిన నీళ్లు, కొన్నేళ్లుగా వాడుతున్నాం. కడగడానికి భేషుగ్గా ఉంటుంది. కణాల్ని అందులో ఉంచేసి మన పని చూసుకుందామంటే మాత్రం కుదరదు.

గొర్రె రక్తంలోంచి ఎర్రకణాలు వేరు చేసేటప్పుడు దీని సత్తా తెలుస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి కణాల్ని అడుక్కి దింపే యంత్రం) తిప్పి, పైన తేలిన ద్రవం తీసేసి, చల్లటి సెలైన్ పోసి మళ్లీ తిప్పుతాం. రెండు మూడుసార్లు కడిగేసరికి పైద్రవం తేటబడాలి. ఎర్రగానే ఉంటే కణాలు పగులుతున్నట్టు. లివర్, కిడ్నీ ముక్కలకు అంటిన రక్తం కడిగి ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) వేయడానికీ ఇదే వాడతాం. అయితే కప్ప కణజాలానికి 0.9 ఎక్కువవుతుంది, 0.65 శాతం కలుపుకోవాలి.

అసలు చిక్కు పీహెచ్‌తో. ఇందులో బఫర్, అంటే పీహెచ్ మారకుండా నిలిపే పదార్థం, లేదు. బాటిల్ సెలైన్ పీహెచ్ చాలాసార్లు 5.5 దగ్గరే, అంటే ఆమ్లం వైపే ఉంటుంది. పొటాషియం, కాల్షియం, గ్లూకోజ్ కూడా ఉండవు. కాల్షియం లేకపోతే కప్ప గుండె సరిగా కొట్టుకోదని బ్రిటిష్ వైద్యుడు సిడ్నీ రింగర్ 1880ల్లోనే చూపించాడు. అందుకే కల్చర్ కణాలకు (ల్యాబ్‌లో పెంచే కణాలు) ట్రిప్సిన్ (అంటుకున్న కణాల్ని విడదీసే ఎంజైమ్) వేసేముందు మేం పీబీఎస్‌తోనే (ఫాస్ఫేట్ బఫర్ ఉన్న సెలైన్) కడుగుతాం. దాని పీహెచ్ 7.4. ఖర్చు కాస్త ఎక్కువే, అయినా కణాలు పోయాక బాధపడేకంటే నయం.

మెడికల్ షాపులో ఉత్తినే 'సెలైన్ బాటిల్' అని అడక్కండి. ఓసారి మా కుర్రాడికి డీఎన్ఎస్ ఇచ్చి పంపారు. అందులో ఉప్పుతోపాటు 5 శాతం డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్) ఉంటుంది. ఇంజెక్షన్ పొడులు కలిపే బ్యాక్టీరియోస్టాటిక్ సెలైన్ అయితే ఇంకా ప్రమాదం, అందులోని బెంజైల్ ఆల్కహాల్ కణాలకు విషం. మామూలు ఎన్ఎస్‌లో (నార్మల్ సెలైన్) ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి తెరిచిన బాటిల్‌ని మర్నాటికి దాచొద్దు, ఫ్రిజ్‌లో పెట్టినా సరే.

ఉత్త కడుగుడుకైతే మేమే చేసుకుంటాం. లీటరుకు 9 గ్రాముల ల్యాబ్ గ్రేడ్ ఉప్పు (వంట ఉప్పు కాదు, అందులో అయోడిన్ కలుపుతారు), చిన్న సీసాల్లో పోసి 121 డిగ్రీల్లో ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) చేస్తాం. ఒక సీసా చెడినా మిగతావి దక్కుతాయి.

ఇంకోటి, కత్తెరలు, ఫోర్సెప్స్ మీద సెలైన్ ఆరిపోనివ్వకండి. స్టీలుకు గుంట మచ్చలు పడతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాకే ఆటోక్లేవ్‌లో పెట్టండి.