మా 58 కిలోల గ్రేట్ డేన్‌కి కొత్త ఇల్లు వెతికిపెట్టిన కుక్కల బోర్డింగ్, చంద్రగిరి దగ్గర

చంద్రగిరి దాటినాక ఒక మామిడితోటలో ఉండే కుక్కల బోర్డింగ్, అంటే రోజుకింత అని తీసుకొని కుక్కల్ని పెట్టుకొని చూసుకునే చోటు గురించి రాస్తా ఉండా. పేరు రాయొద్దని దాన్ని నడిపే సారే చెప్పినాడు, పేరు బయటపడితే రాత్రికి రాత్రి గేటుకి కుక్కని కట్టేసి పోయేవాళ్ళు ఎక్కువైపోతారంట, ఇప్పటికే రెండుసార్లు అట్లా జరిగిందంట. తిరుపతిలో పెద్ద కుక్కలు పెంచేవాళ్ళని అడిగితే దారి చెప్తారు.

మా సింగడు గ్రేట్ డేన్ అనే పెద్ద జాతి కుక్క, నాలుగేళ్ళు. మా తమ్ముడు ముచ్చటపడి పిల్లగా ఉన్నప్పుడు తెచ్చినాడు, తర్వాత వాడు ఉద్యోగమని జర్మనీ పోయినాడు, కుక్క మా నాయన చేతికొచ్చింది. పోయినేడు నాయనకి మోకాలి ఆపరేషన్ అయింది, అది అయిన నాలుగు నెలలకి సింగడు పిల్లిని చూసి ఒక్క గుంజు గుంజితే నాయన తిరుపతి బైరాగిపట్టెడలో రోడ్డు మీదే పడిపోయినాడు. వాడు కావాలని చేసింది కాదు, నాయన పడంగానే వచ్చి మొఖం నాకతా పక్కనే కూర్చున్నాడంట. నేనుండేది రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఇంక వేరే దారి లేక ఎవరికన్నా ఇచ్చేద్దాం అనుకున్నాం, ఆ మాట అనుకున్న రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

ముందు మేమే వాట్సాప్ స్టేటస్ పెట్టినాం, గ్రేట్ డేన్ ఫ్రీగా ఇస్తామని. అది మేం చేసిన పెద్ద తప్పు. ఫోన్లే ఫోన్లు. ఒకాయన ఆడకుక్కతో జత కట్టించడానికి, క్రాసింగ్‌కి కావాలంటాడు, ఇంకొకాయన కోళ్ళఫారం కాడ గొలుసేసి కట్టేస్తానంటాడు. చుట్టాల్లో ఒకాయన అయితే మామండూరు అడివిలో వదిలేసి రాండి అన్నాడు. చిరుతలు తిరిగే అడివి అది, ఈడు గిన్నెలో పెడితే గానీ తినడం తెలీని కుక్క. అట్లా ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా, ఆయనకి ఆ మాటే చెప్పినా.

బోర్డింగ్ సారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. మొదటిరోజు గంటసేపు ప్రశ్నలే. ఉరిమితే భయపడతాడా, తింటా ఉంటే చెయ్యి పెడితే గుర్రుమంటాడా, ఆవుల్ని కోళ్ళని ఎప్పుడన్నా దగ్గర్నుంచి చూసినాడా, చిన్నపిల్లలతో ఎట్లుంటాడు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. "దాచొద్దమ్మా, కరిచింటే కరిచిందని చెప్పు, దాచిపెట్టి ఇచ్చినామంటే నెలకే తిరిగొస్తాది, రెండోసారి ఇల్లు మారితే కుక్క మనసు విరిగిపోతాది" అన్నాడు. టీకాల కార్డు చూసినాడు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకొని రమ్మన్నాడు, లేకుంటే వచ్చేవాళ్ళలో సగం మంది క్రాసింగ్ కోసమే వస్తారంట. మా ఫోన్లు గుర్తొచ్చి వెంటనే చేయించినాం.

తిండి గురించి అడిగితే రాత్రిపూట ఒకేసారి పెద్ద గిన్నెడు పెట్టి, తినంగానే మిద్దె మీద పరిగెత్తడానికి వదుల్తామని చెప్పినా. సారుకి నిజంగానే కోపమొచ్చింది. ఇట్లాంటి లోతైన రొమ్ము ఉండే పెద్ద కుక్కలకి కడుపులో గాలి నిండి మెలి పడతాదంట, కొన్ని గంటల్లోనే ప్రాణం పోతాదంట. పొట్ట ఉబ్బి, కక్కబోతా ఉన్నా ఏమీ రాక, చొంగ కార్చుకుంటా నిలకడ లేకుండా తిరుగుతా ఉంటే అర్ధరాత్రైనా సరే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. రోజు తిండిని మూడు వంతులు చెయ్యాల, తిన్నాక గంటసేపు పరుగులొద్దు. నాలుగేళ్ళు పెంచినాం, ఈ మాట మాకు ఎవరూ చెప్పలా. గ్రేట్ డేన్ ఉండేవాళ్ళు ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

రోజుకి 450, తిండితో కలిపి. మావాడు 38 రోజులున్నాడు, 17,100 అయింది, ఇల్లు వెతికినందుకు వేరే డబ్బులు తీసుకోలేదు. ఆ 38 రోజుల్లో ఐదుమంది వచ్చి అడిగితే ఐదుమందికీ లేదన్నాడు. కరకంబాడి రోడ్డు వైపు ఒకాయనకి మంచి ఇల్లే, కానీ కాంపౌండు గోడ నాలుగడుగులే. ఇంకొకరింట్లో అప్పుడప్పుడే నడక నేర్చే పిల్లోడు, కుక్క మంచిదే గానీ దాని తోక తగిలినా పిల్లోడు పడతాడన్నాడు. నాకు మూడో వారంలో విసుగొచ్చి ఫోన్లో గట్టిగానే మాట్లాడినా, ఇప్పుడు తల్చుకుంటే బాధగా ఉండాది, ఎందుకంటే ఆ ఐదుమందిలో ఎవరికిచ్చినా మాకు నిద్ర పట్టుండేది కాదు.

ఆరోసారి వచ్చింది బంగారుపాళ్యం పక్కన తోతాపురి తోట ఉండే మొగుడూ పెళ్ళాం. ఇంతకుముందు గ్రేట్ డేన్‌నే పెంచినారు, అది ముసలిదై పోయింది. సారు బస్సెక్కి పోయి తోట, కంచె, పడుకునే చోటు చూసొచ్చినాడు. పదహైదు రోజులు ట్రయల్, గొలుసేసి కట్టెయ్యకూడదు, వద్దనుకుంటే ఇంకెవరికీ ఇవ్వకుండా సారుకే తిరిగియ్యాల అని కాగితం రాయించినాడు. సింగడితో పాటు నాయన పాత దుప్పటి ఒకటి ఉతకకుండా ఇమ్మన్నాడు, ఆ వాసన ఉంటే కొత్తచోట తొందరగా నిద్రపోతాడంట.

బాగలేనివి కూడా చెప్పాల. షెడ్డుకి రేకులేసినారు, ఫ్యాన్లూ తడి గోనెసంచులూ ఉండాయి గానీ మే నెల మధ్యాహ్నం మన ఎండకి అవి సరిపోవు, పైన తాటాకు పరిపిస్తే బాగుంటాదని సారుతోనే చెప్పినా, సరేనన్నాడు. సాయంత్రం ఆరు దాటితే ఫోనెత్తడు. రసీదు ఇవ్వడు. వాన పడితే ఆ దోవలో కారు పోదు.

రెండు నెలలు చూడ్డానికి రావొద్దన్నాడు, మమ్మల్ని చూస్తే మళ్ళీ బెంగపడతాడంట. తోటామె వారానికొక వీడియో పంపిస్తా ఉండాది, మొన్నటిదాంట్లో మామిడిచెట్టు కింద దుప్పటి మీద బోర్లా పడుకోనుండాడు, పక్కనే ఆవుదూడ. జులై ఆఖరికి రెండు నెలలు నిండుతాయి, నాయన ఇప్పట్నుంచే బంగారుపాళ్యం బస్సుల టైములు కనుక్కుంటా ఉండాడు.