హోల్స్ట్‌ని వినాలంటే ముందు ఏది? గ్రహాలా, సావిత్రా?

సంగీతకర్త గుస్తావ్ హోల్స్ట్ గురించి ఎవర్ని అడిగినా "ది ప్లానెట్స్ విను" అంటారు, అంటే గ్రహాల మీద ఆయన రాసిన ఆర్కెస్ట్రా సంగీతం, అందులోనూ ముందు మార్స్, అదే కుజుడి భాగం, పెట్టుకోమంటారు. అది మంచి సలహానే, కానీ మన తెలుగువాళ్ళకి ఈ ఇంగ్లండు ఆయన దగ్గరికి వెళ్ళడానికి ఇంకో దారి ఉంది, అది చాలామందికి తెలీదు. 1908లో ఈయన మన సతీ సావిత్రి కథని అరగంట ఒపెరాగా, అంటే మాటలన్నీ పాడే నాటకంగా రాశాడు. సావిత్రి, సత్యవంతుడు, యముడు, పాత్రలు ఆ ముగ్గురే. మరి కొత్తగా వినేవాళ్ళు దేంతో మొదలుపెట్టాలి అంటే నా ఓటు సావిత్రికే. అయినా ముందు ప్లానెట్స్ గొప్పతనం చెప్పకుండా ముందుకెళ్తే అన్యాయం.

ప్లానెట్స్‌లో ఏడు భాగాలు, మొత్తం కలిపి ఇంచుమించు 50 నిమిషాలు. ఇది ఖగోళశాస్త్రం కాదు, జ్యోతిషం, అందుకే మన చెవికి వెంటనే అందుతుంది. కుజుడు యుద్ధం తెస్తాడు, శుక్రుడు శాంతి తెస్తాడు, గురువు సంతోషం, శని ముసలితనం. రాహుకేతువులు లేరు గానీ వాళ్ళ జ్యోతిషం ప్రకారం యురేనస్, నెప్ట్యూన్ ఉంటాయి. మార్స్ అయితే ఐదు లెక్కల మీద నడుస్తుంది, ఖండ చాపు అలవాటున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కేసుకుంటూ వినొచ్చు, కాకపోతే ఊపు వేరు. మొదట్లో వయొలిన్ల వాళ్ళు కమాను వెంట్రుకలతో కాకుండా దాని కర్రతో తీగల మీద కొడతారు, ఆ టకటక శబ్దం మీద ఇత్తడి వాయిద్యాలు మెల్లగా పైకి లేస్తుంటే నిజంగా భయమేస్తుంది. హోల్స్ట్‌కి మాత్రం వీటన్నిట్లో శని అంటేనే ఎక్కువ ఇష్టమట. ఏలినాటి శని అంటే ఉలిక్కిపడే మనం, శని మీద ఒక మనిషి అంత ప్రేమగా రాసింది ఒక్కసారైనా వినాలి.

ఇదంతా రాసింది తీరిగ్గా కూర్చుని కాదు. లండన్‌లోని హామర్‌స్మిత్‌లో సెయింట్ పాల్స్ గర్ల్స్ స్కూల్లో 1905 నుంచి 1934లో పోయేదాకా ఆయన మ్యూజిక్ మాస్టారు. వారమంతా పాఠాలు, రాసుకోవడానికి శని ఆదివారాలు, ఆగస్టు సెలవులు. స్కూల్లోనే ఆయన కోసం బయటి శబ్దం రాని గది ఒకటి ఉండేది, 1914 నుంచి 1916 దాకా చాలావరకు అందులోనే రాశాడు. కుడిచేతికి నరాల నొప్పి, దాంతో పియానిస్టు అవ్వాలన్న ఆశ కుర్రతనంలోనే పోయింది, కొన్నేళ్ళు ట్రాంబోన్ వాయించి బతికాడు. ఆ చేత్తోనే అంత పెద్ద ఆర్కెస్ట్రాకి, ఆరు హార్నులు, రెండు హార్పులు, ఆర్గన్ ఇన్నిటికీ స్వరాలు రాయాలి, అందుకని స్కూల్లో తోటివాళ్ళు కూడా రాతపనిలో సాయపడ్డారు.

ఇక సావిత్రి. ఋగ్వేదం ఇంగ్లీషు అనువాదాలు పాటకి పనికొచ్చేలా లేవని ఈయన లండన్‌లో సంస్కృతం నేర్చుకోవడానికి చేరాడు, డిక్షనరీ పక్కన పెట్టుకుని మంత్రాలకి తన మాటలు తనే రాసుకున్నాడు. ఆ పట్టుదలలోంచి వచ్చిందే సావిత్రి. మొదలు ఎలా ఉంటుందంటే, ఒక్క వాయిద్యం కూడా లేదు. చీకట్లోంచి ఒక మగ గొంతు, సావిత్రీ, నేను మృత్యువుని అంటుంది. తర్వాత ఆమె గొంతు కలుస్తుంది, అప్పటికీ వాయిద్యం లేదు. మొత్తం ఒపెరాకి పన్నెండు మంది వాయిద్యగాళ్ళే, ఆరుబయట కూడా ఆడుకునేలా రాశాడు.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు, ఒకరోజు సాయంత్రం బియ్యం ఏరుకుంటుంటే పక్కన ఫోన్‌లో పెట్టా, ఏంటో చెప్పలేదు. రెండు నిమిషాలు విని చెయ్యి ఆపి "ఎవర్రా అది, యముడా?" అంది. అంతే, అక్కణ్ణించి నేను చెప్పాల్సిన పనే లేకపోయింది, సత్యవంతుడి గొంతు రాగానే తనే గుర్తుపట్టింది.

కథలో ఒక పెద్ద మార్పు చేశాడు. మన భారతంలో మామగారికి చూపు, రాజ్యం, తండ్రికి కొడుకులు, తనకి కొడుకులు ఇలా వరం మీద వరం అడిగి యముణ్ణి ఇరికిస్తుంది కదా, ఇక్కడ సావిత్రి అడిగేది ఒకటే, నాకు జీవితం కావాలి అని. అది నీకు ఉందిగా అంటాడు మృత్యువు, సత్యవంతుడు లేకపోతే అది జీవితమే కాదంటుంది. మా అమ్మకి ఈ మార్పు నచ్చలేదు, తెలివంతా తీసేశాడంది. నాకైతే ఇదే బాగుంది, చివర్లో మృత్యువు తాను కూడా మాయే అనుకుంటూ వెళ్ళిపోవడం ఇంకా బాగుంది.

దీంట్లో ఇబ్బంది లేదని కాదు. రాగాలు వినిపిస్తాయని ఆశ పెట్టుకుంటే నిరాశే, సంగీతం పూర్తిగా వాళ్ళదే. నెమ్మదిగా సాగుతుంది, పాత ఇంగ్లీషు. గుండెలదిరే సౌండు కావాలంటే మార్స్ దగ్గరికే పోవాలి. అరగంట కూడా ఓపిక లేదంటే ఆయనే రాసిన ఋగ్వేద గీతాల మూడో భాగం వినండి, ఆడవాళ్ళ గొంతులూ హార్పూ మాత్రమే, నాలుగు చిన్న పాటలు, మొదటిది ఉషస్సు మీద.

అసలు సావిత్రి, ప్లానెట్స్ రెండూ వేరు వేరు అనుకోవడమే పొరపాటు. మేఘసందేశం మీద ఏళ్ళ తరబడి కష్టపడి రాసిన పెద్ద రచన 1913లో లండన్‌లో జనానికి ఎక్కలేదు, బాగా కుంగిపోయాడు, స్నేహితులు స్పెయిన్ తీసుకెళ్తే అక్కడ వాళ్ళలో ఒకడైన రచయిత క్లిఫర్డ్ బాక్స్ జ్యోతిషం మాటెత్తాడు, ప్లానెట్స్ ఆలోచన ఆ కబుర్లలోంచే వచ్చింది. సావిత్రిలో తెర వెనక కనిపించకుండా పాడే ఆడవాళ్ళ బృందం ఉంటుంది, మాటల్లేవు, ఉత్త గొంతులు. నెప్ట్యూన్ చివర్లో మళ్ళీ వాళ్ళే వస్తారు, పక్క గదిలో పాడుతుంటారు, ఆ గది తలుపు చాలా మెల్లగా మూస్తారు, ఆఖరి ముక్క మళ్ళీ మళ్ళీ పాడుతూనే ఉంటారు, ఎక్కడ ఆగిందో చెవికి తెలీదు.

కాబట్టి ముందు సావిత్రి, ఆయన కూతురు ఇమోజెన్ నిర్వహణలో జానెట్ బేకర్ పాడింది దొరికితే అదే పెట్టుకోండి. మర్నాడు ప్లానెట్స్ మొత్తం. నెప్ట్యూన్ దగ్గరకొచ్చేసరికి ఫ్యాన్ ఆపి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.