బ్యారీ శాండర్సా, ఎమిట్ స్మిత్తా: ఎవరు మేలు?

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మనవాళ్లు బోలెడంత మంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయమూ ఆ ఊళ్లోనే. 1990ల్లో గొప్ప రన్నింగ్ బ్యాక్ ఎవరని అక్కడ అడిగితే తమ జట్టుకు ఆడిన ఎమిట్ స్మిత్ పేరు చెప్తారు. డెట్రాయిట్ వైపు అదే ప్రశ్న వేస్తే, ఆ ఊరి లయన్స్ జట్టుకు ఆడిన బ్యారీ శాండర్స్ అంటారు. ఇద్దరూ ఆట మానేసి ఇరవై ఏళ్లు దాటింది. వాదన మాత్రం ఇంకా తెగలేదు.

ఈ ఆట కొత్తవాళ్ల కోసం ఒక ముక్క. రన్నింగ్ బ్యాక్ అంటే కబడ్డీలో రైడర్ లాంటివాడే అనుకోండి, కాకపోతే కూతా లేదు, వెనక్కి తిరిగి రావడమూ లేదు. బంతిని చంకలో ఇరికించుకుని, ఎదురుగా ఉన్న 11 మందిని తప్పించుకుంటూ ఎంత ముందుకు పోతే అంత. దూరం లెక్క గజాల్లో. మన స్థలాల బేరాల్లో వినేది చదరపు గజం, ఇది పొడవు గజం, అంటే మూడడుగులు.

మొత్తం గజాలు చూస్తే గొడవే లేదు. ఎమిట్ 15 సీజన్లలో 18,355 గజాలు పరిగెత్తాడు, ఆ రికార్డు ఇంకా అతనిదే. బ్యారీ 10 సీజన్లలో 15,269. అయితే ఇద్దరి మొదటి పదేళ్లే పక్కపక్కన పెడితే కథ తిరగబడుతుంది. పదేళ్లకు ఎమిట్ 13,963 దగ్గరున్నాడు, అంటే బ్యారీ కంటే 1,306 తక్కువ. బంతి అందుకున్న ప్రతిసారీ బ్యారీ సగటున 5 గజాలు తీస్తే, ఎమిట్ కెరీర్ సగటు 4.2.

అంకెలు పక్కన పెట్టి బ్యారీ పాత వీడియోలు చూడండి. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. ముగ్గురు చుట్టుముడితే ఉన్నచోటే గిర్రున తిరిగి, వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తి, అవతలి అంచు నుంచి బయటపడతాడు. పట్టుకోబోయినవాడి చేతిలో గాలి మిగులుతుంది. 1997లో మొదటి రెండు మ్యాచ్‌లు కలిపి 53 గజాలే చేసి, తర్వాత వరసగా 14 మ్యాచ్‌ల్లో వంద దాటాడు. ఆ ఏడాది మొత్తం 2,053. టచ్‌డౌన్ చేశాక, అంటే బంతితో చివరి గీత దాటాక, గంతులేయడం, బంతిని నేలకేసి కొట్టడం ఏమీ ఉండవు, దాన్ని అంపైర్ చేతిలో పెట్టి వచ్చేస్తాడు. 1989లో తొలి సీజన్ ఆఖరి మ్యాచ్ చివర్లో, ఇంకో 10 గజాలు వస్తే లీగ్ మొత్తంలో మొదటి స్థానం దక్కేది. వెళ్తావా అని కోచ్ అడిగితే, గెలుస్తున్నాంగా, అక్కర్లేదన్నాడు. ఈ ఒక్క సంగతికే నేను అతని అభిమానినయ్యాను. కానీ అభిమానం వేరు, తీర్పు వేరు.

బ్యారీ పక్షం వాళ్ల బ్రహ్మాస్త్రం ఒకటుంది: ఎమిట్ ముందు అడ్డొచ్చేవాళ్లను నెట్టి దారి తీసే కొండల్లాంటి లైన్ ఉంది, బంతి విసిరే ట్రాయ్ ఐక్‌మన్, దాన్ని అందుకునే మైఖేల్ ఇర్విన్ ఉన్నారు, ఎవరైనా పరిగెత్తేవారే అని. సగం నిజం. మిగతా సగం 1993లో తేలింది. జీతం పేచీతో ఎమిట్ మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. ఆ కొండలూ, ఆ ఐక్‌మనూ అక్కడే ఉన్నా రెండూ ఓడారు. అతను వచ్చాక 14 ఆడి 12 గెలిచి, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ కూడా కొట్టారు. అందులో అత్యుత్తమ ఆటగాడూ అతనే.

ఆ సీజన్ చివరి మ్యాచ్, 1994 జనవరి 2న న్యూయార్క్ జెయింట్స్ మీద. రెండో క్వార్టర్‌లో కుడి భుజం కీలు విడిపోయింది. అయినా బయటికి రాలేదు. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు పోతే అక్కడా అతనే. మొత్తం 32 సార్లు పరిగెత్తి 168 గజాలు, 10 క్యాచ్‌లు. 16-13తో గెలిచారు. భుజం ఊడినవాడికి పదే పదే బంతి ఇవ్వడం న్యాయమా అంటే నాకూ మనసొప్పదు. కానీ అడిగి తీసుకున్నది అతనే.

ఇంకో తేడా టచ్‌డౌన్ గీత దగ్గర. ఒకటి రెండు గజాలు కావాల్సినప్పుడు నేరుగా దూసుకుపోయేవాడు కావాలి, నాట్యం చేసేవాడు కాదు. అలాంటప్పుడు కోచ్‌లు బ్యారీని పక్కన కూర్చోబెట్టిన సందర్భాలు ఎన్నో. ఇద్దరి మొదటి పదేళ్లలోనే పరుగు టచ్‌డౌన్లు ఎమిట్‌వి 136, బ్యారీవి 99. 1994లో 1,883 గజాలు చేసిన బ్యారీని ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌ల్లో, గ్రీన్ బే జట్టు 13 ప్రయత్నాల్లో మైనస్ ఒక గజానికి, అంటే మొత్తం మీద ఒక గజం వెనక్కే, కట్టడి చేసింది. ప్లేఆఫ్స్‌లో అతను గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. అది ఎమిట్ ఉన్న డాలస్ మీద, 38-6తో. డెట్రాయిట్ వాళ్లు ఈ స్కోరు ఎందుకు మర్చిపోరో అర్థమైందా?

ఇక మానేసిన తీరు. 1999 జూలైలో, శిక్షణ మొదలవబోతుండగా, బ్యారీ తన సొంత ఊరు విచిటా పత్రికకు ఫ్యాక్స్ పంపి ఆట ముగించాడు. అప్పటికి వయసు 31, ఒంట్లో ఏ లోపమూ లేదు. పాతతరం రన్నింగ్ బ్యాక్ వాల్టర్ పేటన్ పేరిట అప్పటికి ఉన్న 16,726 గజాల రికార్డుకు ఇంకా 1,457 గజాలే కావాలి. అంతకుముందు ఏడాది, జట్టు ఘోరంగా ఆడిన ఏడాది, అతను చేసినవి 1,491. ఓడీ ఓడీ విసిగిపోయాడు, మంచి ఆటగాళ్లను యాజమాన్యం వదులుకోవడం చూసి మనసు విరిగింది. ఒప్పందం మీద సంతకానికి తీసుకున్న బోనస్ సొమ్ములో పెద్ద భాగం, మధ్యవర్తి తీర్పుతో, జట్టుకు వెనక్కి కట్టాల్సీ వచ్చింది.

ఆ రికార్డు 2002 అక్టోబర్ 27న ఎమిట్‌కు దక్కింది.

పరుగు ఎవరిది మేలంటే బ్యారీది, రెండో మాట లేదు. ఒకే ఒక్క ఆదివారం టికెట్ కొనే డబ్బులుంటే డెట్రాయిట్‌కే పోతాను. కెరీర్ ఎవరిది మేలంటే మాత్రం ఎమిట్‌దే. ఆఖరి రెండేళ్లు అరిజోనా జట్టులో ఈడ్చుకొచ్చాడు కదా అంటారు. నిజమే, 2003లో తన పాత డాలస్ మైదానానికి ప్రత్యర్థిగా వచ్చి 6 ప్రయత్నాల్లో మైనస్ ఒక గజం చేసి, భుజం ఎముక విరగ్గొట్టుకుని బయటికి నడిచాడు. మరుసటి ఏడాది, 35 ఏళ్ల వయసులో, మళ్లీ దిగి 937 గజాలు పరిగెత్తాడు. 1990లో, తొలి సీజన్‌లో అతను చేసినవీ సరిగ్గా 937.