బరంపురంలో ఆయిల్ పటం వేయించాలంటే ఈ షాపు

పెద్దబజారు వెనక సందులో, మేడమెట్ల కింద ఉన్న చిన్న షాపు. బోర్డు ఒడియాలో ఉంది గానీ మాస్టారిది మన తెలుగే. ఎక్కువగా వచ్చేది చనిపోయినవాళ్ల ఓటరు కార్డు ఫోటో ఇచ్చి, దండ వేసుకోవడానికి పటం చేయించుకునే బేరమే.

మా లైబ్రరీకి రెండు పటాలు చేయించాం. మొదటిది క్విట్ ఇండియా ఉద్యమంలో పోరాడిన ఒడిశా గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్‌ది. 1942 ఆగస్టు 21న మత్తిలి పోలీసు స్టేషన్ దగ్గర కాల్పులు జరిగాయి. అక్కడ ఫారెస్టు గార్డు చనిపోతే ఆ హత్య కేసు ఆయన మీద పెట్టి, 1943 మార్చి 29న ఈ ఊరి జైల్లోనే ఉరి తీశారు. తపాలా బిళ్ళ మీద ఆయన బొమ్మ ఉంది కాబట్టి ఆ పని త్వరగానే అయింది.

రెండోది గున్నమ్మది. ఇచ్ఛాపురం దాటాక మందస జమీందారీలో, అడవి కట్టెల తగాదాలో రైతులను పట్టుకుపోతుంటే అడ్డం నిలబడిన గర్భిణి. 1940 ఏప్రిల్ 1న పోలీసులు కాల్చేశారు. ఆమె ఫోటో మా దగ్గర లేదు. మా ప్రెసిడెంటు గారు మాత్రం కాసులపేరు, ముక్కుపుడక, ఎర్రంచు పట్టుచీర, అన్నీ రాసి ఇచ్చారు. మాస్టారు ఆ చీటీ చదివి, "జమీందారు అడవిలో కట్టెలకెళ్లే మనిషికి ఇన్ని నగలెక్కడివమ్మా?" అని నాకే తిరిగి ఇచ్చేశారు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. మన దగ్గర అమరులు కాగానే అందరికీ క్యాలెండర్ లక్ష్మి ముఖం వచ్చేస్తుంది.

ఆయన వేసింది ఎండకు నల్లబడ్డ ముఖం, ముతక చీర, ఎత్తుగా ఉన్న కడుపు. అడుగున "ఊహాచిత్రం" అని రాశారు. అది చెరిపేయమని ప్రెసిడెంటు గారు బతిమాలినా వినలేదు. పైగా, "ఆ రోజు పోయిన మిగతావాళ్ల పేర్లు తెండి, వాటికి డబ్బులొద్దు" అన్నారు. ఆమెతో పాటు ఇంకో నలుగురు పోయారని మాలో సగం మందికి అప్పుడే తెలిసింది. పేర్లు వెనకాల గోడ మీద రాసినట్టు వేశారు. ముఖాలు మాత్రం కల్పించనన్నారు.

పద్దెనిమిది బై ఇరవై నాలుగు అంగుళాలు, ఒక్కోటి ఎనిమిది వేలు, సగం అడ్వాన్సు. చెప్పిన గడువు దాటింది, ఫోన్ ఎత్తరు. ఫ్రేము అద్దం మరీ మెరుస్తుంది, ట్యూబులైటు కింద సగం ముఖం కనపడదు. ఫ్రేము బయట కట్టించుకోండి. ఠాకురాణి యాత్ర (ఊరి అమ్మవారి జాతర) ఉన్న ఏడాది ఆ రోజుల్లో వెళ్లకండి, సందులో అడుగు పెట్టలేరు.