హెల్మ్స్‌లీలో ఒక పూటే ఉంటే: రీవో మఠమా, సటన్ బ్యాంకా?

ఇంగ్లండ్‌లో, ఉత్తర యార్క్‌షైర్‌లోని హెల్మ్స్‌లీ అనే ఊళ్లో శుక్రవారం సంత. అది చూశాక ఒక పూటే మిగిలితే ఎటు వెళ్లాలి?

రీవో మఠం అక్కడికి దాదాపు మూడు మైళ్లు. క్లీవ్‌లాండ్ వే కాలిబాట పట్టుకుంటే నడిచే వెళ్లొచ్చు. 1132లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు కట్టడం మొదలుపెట్టారు. చర్చిలు మామూలుగా తూర్పు పడమరలుగా ఉంటాయి. ఇక్కడ లోయ ఇరుకు కావడంతో ఉత్తర దక్షిణాలుగా తిప్పేశారు. 1538లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించాక కప్పు మీది సీసం కూడా ఊడదీసుకుపోయారు. ఇప్పుడు పైన ఆకాశం, కింద పచ్చగడ్డి, మధ్యలో మూడంతస్తుల ఎత్తున మొనదేలిన తోరణాలు. టిక్కెట్టు ఉంది, అయినా డబ్బు దండగ కాదు.

సటన్ బ్యాంక్ అంటే డబ్బుల బ్యాంకు కాదండోయ్, నిటారు కొండవాలు! థర్స్క్ ఊరి వైపు నుంచి కారులో ఎక్కితే కాస్త టెన్షనే. నాలుగడుగులకు ఒక అడుగు ఎత్తు, అందుకే కారవాన్లను (కారు వెనక తగిలించుకునే ఇంటిబండ్లను) రానివ్వరు. పైనుంచి చూస్తే చెట్ల మధ్య గోర్మైర్ చెరువు. దగ్గర్లోనే 1857లో కొండ మీద చెక్కిన కిల్‌బర్న్ తెల్లగుర్రం బొమ్మ.

మబ్బు పడితే సటన్ బ్యాంక్‌లో ఏమీ కనిపించదు. రీవో మాత్రం చినుకుల్లోనే ఇంకా బాగుంటుంది. నా ఓటు దానికే.