మితభాషికి ఏ ఇంగ్లీషు మాట మేలు: షై, రిజర్వ్‌డ్, ఇంట్రోవర్టెడ్?

పెళ్ళి బయోడేటా రాసేటప్పుడో, ఎంఎస్‌కి వెళ్ళే కుర్రాడికి రికమెండేషన్ లెటర్ రాసేటప్పుడో చాలామంది ఇక్కడే తడబడతారు. అబ్బాయి పెద్దగా మాట్లాడడు, అంతే, షై అని కొట్టేసి పంపేస్తారు. నన్నడిగితే ఆ మాట జోలికే పోవద్దు. షై అంటే బిడియం: మాట్లాడాలనే ఉంటుంది, జనాన్ని చూస్తే నోరు పెగలదు. అమ్మ కొంగు వెనక దాక్కునే పిల్లాడికైతే ముద్దుగానే ఉంటుంది కానీ, ఇరవై ఆరేళ్ళ ఇంజనీరుకి అదే రాస్తే చదివేవాళ్ళకి ఇతను మీటింగులో నోరు విప్పుతాడా అన్న అనుమానం వస్తుంది.

రిజర్వ్‌డ్‌లో ఆ భయం లేదు. కొత్తవాళ్ళ దగ్గర ఆచితూచి ఉంటాడు, మనసులో మాట అందరి ముందూ పెట్టడు, చనువు ఏర్పడ్డాక మామూలే. కాస్త పెద్దరికం కూడా ధ్వనిస్తుంది. బయోడేటాకి నా ఓటు దీనికే.

ఇంట్రోవర్టెడ్ ఇప్పుడు ఫ్యాషన్. 1921లో మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ మనుషుల్ని రకాలుగా విడదీస్తూ ప్రచారంలోకి తెచ్చిన మాట అది. మనసు లోపలికే మళ్ళి ఉండే స్వభావం అని అర్థం, మౌనానికి మారుపేరు కాదు. స్టేజీ మీద గంటసేపు దంచి, ఇంటికొచ్చి తలుపేసుకునేవాళ్ళూ ఇంట్రోవర్టులే.

టాసిటర్న్ అంటే స్వభావమే ముక్తసరి. 1923 నుంచి 1929 దాకా అమెరికా అధ్యక్షుడిగా ఉన్న కాల్విన్ కూలిడ్జ్‌ని పేరు కుదించి సైలెంట్ కాల్ అనేవాళ్ళు, ఆయనకి సరిగ్గా సరిపోతుంది. రెటిసెంట్ ఎక్కువగా ఏదో ఒక విషయానికి పరిమితం: క్రికెట్ మీద ఎంతసేపైనా చెప్తాడు, జీతం ఎంత అనగానే నీళ్ళు నములుతాడు. అలూఫ్ మాత్రం పొరపాటున కూడా రాయకండి, అంటీముట్టని మనిషి, కొంచెం పొగరు కూడా అనుకుంటారు. స్టాండాఫిష్ అయితే ఇక తిట్టే.

లెటర్లలో ఇంకో తంటా ఉంది. క్వైట్ బట్ హార్డ్‌వర్కింగ్ అని రాస్తారు. క్వైట్ నిజానికి మంచి మాటే, ఎవరినీ నొప్పించదు, కానీ పక్కన ఆ బట్ పెట్టగానే మాట్లాడకపోవడం ఏదో లోపమైనట్టు, కష్టపడి దాన్ని పూడ్చుకుంటున్నట్టు అయిపోతుంది. అక్కడ అండ్ పెట్టండి చాలు. కుదిరితే కింద ఒక సంగతి కూడా రాయండి: మీటింగులో రెండు ముక్కలే మాట్లాడతాడు, సాయంత్రానికి మాత్రం అందరూ వదిలేసిన తప్పుని పట్టుకుని మెయిల్ పెడతాడు అని.